అరవై రెండు పట్టాలు

నంద్యాల గాంధీ చౌక్ దగ్గర మురళీధర్‌కు స్టీలు సామాన్ల అంగడి ఉంది. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది సామాన్ల కోసం రారు. పింఛను ఆగిందనో, ఆస్పత్రిలో మంచం దొరకలేదనో, కొడుకును స్టేషన్లో కూర్చోబెట్టారనో వస్తారు. మురళీధర్ ఆదిశేషయ్య మనవడు. అదొక్కటే కారణం.

ఆదిశేషయ్య ఆళ్లగడ్డలో నూనె మిల్లు నడిపిన శెట్టి. కత్తి పట్టని మనిషి, వెనక మందీ మార్బలం లేని మనిషి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచాడంటే ఇప్పటికీ వింతగా చెప్పుకుంటారు. ఆయన పోయి పాతికేళ్లు దాటింది. మిల్లు ఆయనుండగానే పోయింది. కొడుకు ప్రభాకర్ ఒక్కసారి పోటీ చేసి, డిపాజిట్ పోగొట్టుకుని, నంద్యాల వచ్చి ఈ అంగడి పెట్టుకున్నాడు. ప్రభాకర్ కొడుకు మురళీధర్‌కు ఏ పార్టీతోనూ సంబంధం లేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అధికారిని కూడా పేరు పెట్టి పిలిచే చనువు అతనికి లేదు.

అయినా వచ్చినవాళ్లను కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. అంగడి పేరున్న కాగితం మీద ఒక ఉత్తరం రాసిచ్చేవాడు. వాటిని ఎవరైనా చదివారో లేదో తెలియదు. ఎప్పుడో ఒకటి రెండు పనులు వాటంతటవే అయ్యాయి. అవి కూడా ఇతని ఉత్తరాల వల్లనే అయ్యాయని చెప్పుకున్నారు.

"మీ చేత కాదని చెప్పేయండి. దాంట్లో నామోషీ ఏముంది?" అనేది భార్య కావ్య.

"చెప్తే నమ్మరు కావ్యా. చేయడం ఇష్టంలేక అంటాండాననుకుంటారు."

పోయిన శ్రావణంలో మదార్‌బీ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె మొగుడు పీరా ఆదిశేషయ్యకు జీపు డ్రైవరు. మురళీధర్‌ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన చేతులు ఆమెవి. వెంట మనవడు నౌషాద్ ఉన్నాడు. ఆళ్లగడ్డలో మోటారు సైకిళ్ల రిపేరు షాపు అతనిది, ఇద్దరు పిల్లల తండ్రి.

మదార్‌బీ ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి కౌంటరు మీద పరిచింది. మడతల దగ్గర చిరిగిన చోట్ల వెనకవైపు టేపు అతికించి ఉంది. ఇంటి స్థలం పట్టా. కింద గుండ్రటి ముద్ర. పక్కన ఆదిశేషయ్య సంతకం.

"ఇల్లు పగలగొడ్తారంట నాయనా. తలుపులకు నోటీసులు అతికించి పోయినారు" అంది.

మిగతాది నౌషాద్ చెప్పాడు. ఆళ్లగడ్డ శివార్లలో వాగు పక్కన ఆదిశేషయ్య నగర్ అని ఒక కాలనీ ఉంది. అరవై రెండిండ్లు. ముప్పై ఐదేళ్ల కింద ఆదిశేషయ్య సభ పెట్టి అందరికీ పట్టాలు పంచాడు. మొదటి పట్టా పీరాదే. ఇప్పుడు వాగుకు అడ్డంగా ఉన్నవన్నీ తీసేయాలని కోర్టు ఉత్తర్వు వచ్చింది.

"మా దగ్గర పట్టాలుండాయి కదన్నా. అవి చూపిస్తే, ఆఫీసు రికార్డులో ఎక్కలేదు అంటాండారు. నువ్వొకసారి వచ్చి మాట్లాడు."

"పెద్ద శెట్టి మనవడు వచ్చి అడిగితే ఎవరు కాదంటారు?" అంది మదార్‌బీ. ఆ మాటలో ఆమెకు ఏ అనుమానమూ లేదు.

మర్నాడు మురళీధర్ అంగడి కావ్యకు అప్పగించి, ఆ పట్టా తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

రెవెన్యూ ఆఫీసులో డిప్యూటీ తహసీల్దారు జయప్రకాష్ అతని పేరు వినగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు. "మీ తాత మీటింగుకు మా నాయన నన్ను భుజం మీద ఎక్కించుకొని పోయినాడు సార్" అన్నాడు. ఆఫీసులో మిగతావాళ్లను పిలిచి చూపించాడు. ఒకమ్మాయి ఫోన్‌తో ఫోటో తీసింది. మురళీధర్ నడుమ నిలబడి, ఏం చేయాలో తెలియక, చేతులు కట్టుకున్నాడు.

తర్వాత జయప్రకాష్ పాత రిజిస్టరు తెప్పించి, ఆ సంవత్సరం పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. వేరే ఊళ్ల పట్టాలు ఉన్నాయి. ఆదిశేషయ్య నగర్‌వి లేవు. ఒక్కటీ లేదు.

"మా ఆఫీసులో పోయింది అనుకోవడానికి కూడా లేదు సార్. ముందరి నంబరు, తర్వాతి నంబరు వరసగా ఉండాయి చూడండి. అసలు ఎక్కించనే లేదు. అది వాగు పోరంబోకు. ఆ భూమిలో పట్టా ఇయ్యడానికి ఎవరికీ అధికారం లేదు, అప్పుడైనా ఇప్పుడైనా." ఆగి, గొంతు తగ్గించాడు. "ఒక దోవ ఉంది. మాకు పట్టా లేదు, వేరే ఇల్లు లేదు అని రాసి సంతకం పెట్టి అర్జీ ఇస్తే, ఇంకోచోట స్థలం ఇయ్యొచ్చు. సోమవారం సాయంత్రం దాకా గడువు. ఈ పట్టా పట్టుకొని కోర్టుకు పోతే మాత్రం ఉన్న ఇల్లు, ఇచ్చే స్థలం రెండూ పోతాయి."

"ఈ పట్టాలు రాసిందెవరో తెలుస్తుందా?"

"బాలస్వామి అని అప్పటి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఉన్నాడు. బస్టాండు వెనకే ఇల్లు."

బాలస్వామి ఎనభై నిండిన మనిషి. వరండాలో కూర్చుని మనవరాలికి లెక్కలు చెప్తున్నాడు. మురళీధర్ తానెవరో చెప్పగానే ఆ పిల్లను లోపలికి పంపేశాడు. పట్టా చేతికిస్తే అద్దాలు కూడా పెట్టుకోలేదు.

"నా చేతిరాతే. అరవై రెండూ నేనే రాసినా, రెండు దినాలు కూర్చొని."

"రిజిస్టర్లో లేవంటాండారు."

"యాడ ఉంటాయి? అది వాగు భూమి, ఇయ్యడానికి కాదని ఫైల్లో రాసి పెట్టినా. మీ తాత నన్ను ఇంటికి పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టినాడు. ఓట్లైనాక పైనుంచి ఆర్డరు తెప్పిస్తా, ఇప్పటికి రాయప్పా అన్నాడు. రాసినా. ఓట్లైనాయి, గెలిచినాడు. రెండుసార్లు గుర్తు చేసినా. 'నేనుండంగా వాళ్లను ఎవరు కదిలిస్తారు బాలస్వామీ' అన్నాడు."

మురళీధర్ పట్టా వెనక్కి తీసుకున్నాడు.

"మోసం చేయల్లని కాదప్పా" అన్నాడు ముసలాయన. "మర్చిపోయినాడు. ఆయనకు నూరు పనులు. నేనూ ఊరుకున్నా. నాకూ పిల్లలుండిరి."

ఆ సాయంత్రం నంద్యాల తిరిగి వచ్చి మురళీధర్ తనకు తెలిసిన వకీలు ఓంప్రకాష్‌కు కాగితం చూపించాడు. ఆయన ముద్రను వేలితో రుద్ది చూసి, "ఇది పట్టా కాదు మురళీ, ఓట్ల కరపత్రం" అన్నాడు. సోమవారం లోపల అర్జీలు పెట్టించడమే మంచిదన్నాడు.

కావ్య అంతా వింది. "అర్జీలు పెట్టమని చెప్పండి. మీ తాత సంగతి ఎందుకు చెప్పడం?" అంది.

"పట్టా లేదని సంతకం పెట్టమంటే, ఎందుకు లేదని అడగరా?"

ఆదివారం పొద్దున ఆదిశేషయ్య నగర్‌లో మసీదు ముందర అందరూ చేరారు. అతనికోసం ప్లాస్టిక్ కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెచ్చి పెట్టారు. ఎవరో శాలువా కూడా తెచ్చారు. మురళీధర్ వద్దంటూనే ఉన్నాడు, భుజాల మీద కప్పేశారు. ఆ శాలువాతోనే లేచి నిలబడ్డాడు. ముందుగా గడువు సంగతి, అర్జీ సంగతి చెప్పాడు. అర్జీలో ఏముంటుందో చదివి వినిపించాడు.

"మాకు పట్టా లేదని మేమే రాసియ్యల్లనా?" అని వెనకనుంచి దేవసహాయం అడిగాడు. సున్నం పనిచేసే మనిషి, ఆ కాలనీలో అందరికంటే గట్టిగా మాట్లాడేది అతనే.

"అవును."

"చేతిలో పెట్టుకొని లేదని యాడ రాసిస్తాం?"

మురళీధర్ చెప్పాడు. పొట్టి పొట్టి మాటల్లో, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. రిజిస్టర్లో లేవని, వాగు భూమని, ఆ సంగతి తన తాతకు తెలుసని, తెలిసే పంచాడని. బాలస్వామి పేరు కూడా చెప్పాడు.

దేవసహాయం ముందుకొచ్చాడు.

"ఎంతకు మాట్లాడుకున్నావప్పా?"

"ఏందీ?"

"మొన్న ఆఫీసులో ఫోటో దిగినావంట. కుర్చీ వేసినారంట, టీ ఇచ్చినారంట. ఫోన్లలో అందరూ సూసినారు. మా పెద్ద శెట్టి అట్టా చేసే మనిషి కాదు. ఆయప్ప పేరు చెడగొట్టి మమ్మల్ని ఖాళీ చేపించమని నిన్ను తోలినారు."

"నేనెందుకు అబద్ధం చెప్తా దేవసహాయం? ఆయన మా తాత."

"అదే అంటాండా. తాతనే అమ్ముకున్నావ్."

అందరూ ఒక్కసారిగా మాట్లాడసాగారు. మురళీధర్ ఏదో చెప్పబోయాడు, ఎవరికీ వినపడలేదు. మదార్‌బీ లేచి నిలబడితే మళ్లీ సద్దుమణిగింది. ఆమె అతనివైపు చూడలేదు. జనంతో మాట్లాడినట్టుగా మాట్లాడింది.

"ఓట్లకు ముందర, ప్రచారంలో జీపు మీద రాళ్లేస్తే మా ఆయన అడ్డం పోయినాడు. ఒక కన్ను పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చినాక మీటింగులో ఆ కాగితం పెద్ద శెట్టి తన చేత్తో మా ఆయన చేతిలో పెట్టినాడు. ఇది నీది పీరా, నీ పిల్లలది అన్నాడు. నేను ఈ చెవుల్తో విన్నా. నేను సంతకం పెట్టను."

ఆమె పెట్టనన్నాక చాలామంది పెట్టలేదు. మురళీధర్ అర్జీ కాగితాలు కుర్చీ మీద పెట్టి, శాలువా మడిచి వాటి పక్కన ఉంచి వచ్చేశాడు. సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేసి కనుక్కుంటే, పందొమ్మిది మంది మాత్రం ఒకరికొకరు తెలియకుండా ఆఫీసుకు పోయి అర్జీలు ఇచ్చారని జయప్రకాష్ చెప్పాడు. మిగతావాళ్లు తలా కొంత వేసుకుని కోర్టుకు వెళ్లారు. మొదటి వాయిదాలోనే కొట్టేశారు.

ఇండ్లు కూల్చే యంత్రాలు వచ్చిన పొద్దున నౌషాద్ ఫోన్ చేశాడు. "అన్నా, నిన్ను రమ్మని కాదు. చెప్దామని చేసినా" అన్నాడు. మురళీధర్ పోయాడు.

పోలీసులు తాడు కట్టి నిలబడ్డారు. సామాన్లు తీసుకోవడానికి గంట టైమిచ్చారు. మురళీధర్ నౌషాద్‌తో కలిసి బీరువా, మంచాలు, బియ్యం డబ్బా మోసి ఆటోలో పెట్టించాడు. దేవసహాయం ఎదురుపడి తల తిప్పుకున్నాడు. మురళీధర్ అతని ఇంటి కప్పు రేకులు దించుతుంటే ఒక కొస పట్టుకున్నాడు. దేవసహాయం వద్దనలేదు.

మదార్‌బీ రోడ్డవతల రాయి మీద కూర్చుని ఉంది. వాళ్ల ఇంటి ముందరి గోడ పడ్డప్పుడు కూడా అక్కడే కూర్చుంది. పని అయ్యాక మురళీధర్ పోయి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"యాడికి పోతాండావ్ అవ్వా?"

"గడివేములకు. మా ఆర్షియా దగ్గరికి." ఆర్షియా ఆమె చిన్న కూతురు. "నౌషాద్ ఈడనే బాడుగకు చూసుకుంటాడంట."

"నువ్వు సంతకం పెట్టింటే బాగుండేది. నేను చెప్పింది అబద్ధం కాదవ్వా."

"తెల్సు."

అతను తలెత్తి చూశాడు.

"నువ్వు చెప్తాంటేనే తెల్సింది నాయనా. అబద్ధం చెప్పే మొగం కాదు నీది. చిన్నప్పటినుంచి సూస్తాండా." కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది. "పట్టా లేదని నా చేత్తో రాసిస్తే, మా ఆయన కన్ను దేనికి పోయినట్టు? ముప్పై ఏండ్లు ఒంటి కన్నుతో ఉండి సచ్చిపోయినాడు. ఒక్క దినం బాధపడలే. ఇల్లు వచ్చింది కదా అనేటోడు."

మురళీధర్ తాత తరఫున క్షమాపణ అడుగుదామనుకున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చి, ఎవరి తరఫునో అడగడానికి తనెవరని ఆగిపోయింది.

"అందరి ముందర నేను అవునంటే నిన్ను తిట్టేటోళ్లు కాదు. అది నాకు తెల్సు. అన్లేకపోయినా" అంది మదార్‌బీ. నౌషాద్ వచ్చి ఆమెను లేపాడు.

పది రోజులు మురళీధర్ అంగడిలో సరిగ్గా కూర్చోలేకపోయాడు. పదకొండో రోజు కొత్త అర్జీ ఒకటి రాసుకుని గడివేముల పోయాడు. ఆర్షియా ఇల్లు రెండు గదులది. మదార్‌బీ మంచం వంటగదిలో వేశారు. గడువు దాటిపోయిందని, అయినా పెట్టి చూద్దామని చెప్పాడు. ఆమె చదవమంది. పట్టా లేదన్న వాక్యం దగ్గర అతని గొంతు తగ్గింది. ఆమె మొత్తం విని, ఎక్కడ పెట్టాలని అడిగి, వేలిముద్ర వేసింది. ఆర్షియా తడిగుడ్డ తెచ్చి తల్లి వేలు తుడిచింది.

ఆళ్లగడ్డ ఆఫీసులో జయప్రకాష్ అర్జీ తీసుకున్నాడు. గడువు సంగతి ఎత్తలేదు, కుర్చీ వేయించాడు, మంచి పని చేస్తున్నారు సార్ అన్నాడు. నంబరు వేసి రసీదు ఇచ్చాడు.

ఆ తర్వాత ఏడు నెలలు గడిచాయి. పందొమ్మిది మందికీ ఊరికి నాలుగు మైళ్ల దూరంలో స్థలాలు చూపించారు. మదార్‌బీ అర్జీ పరిశీలనలో ఉందని చెప్తున్నారు. మురళీధర్ నెలకోసారి ఆళ్లగడ్డ పోయి అడుగుతాడు. వెళ్లిన ప్రతిసారీ అతన్ని కూర్చోబెట్టి టీ ఇస్తారు. వచ్చేటప్పుడు గడివేములకు ఫోన్ చేస్తాడు. మొదట్లో మదార్‌బీ ఏమైందని అడిగేది. ఇప్పుడు కావ్య ఎట్లుందని అడుగుతుంది, నువ్వు అన్నం తిన్నావా అని అడుగుతుంది. ఆఫీసు సంగతి ఆమె అడగదు, అతను చెప్పడు.