ఎండగట్టిన క్వారీ

బసవేశ్వరరావుకి కోపం రావడానికి కారణం అక్కర్లేదని ఊళ్ళో అంటారు గానీ, ఈ విషయంలో మాత్రం ఆయనకు కావలసినంత కారణం ఉంది. ఎప్పుడో రోడ్డు ఎత్తు చేయడానికి మట్టి తవ్వుకుపోయిన గుంట ఒకటి ఆయన రెండెకరాలను ఆనుకుని ఉంది. దాన్ని అందరూ క్వారీ అంటారు. ఎక్కడిదో ఒక రంగుల ఫ్యాక్టరీ తన వ్యర్థాలన్నీ ట్యాంకర్లతో తెచ్చి అందులో పారబోసింది. నీళ్ళు నల్లబడ్డాయి. ఆ నలుపు మెల్లగా నేలలోకి దిగి ఆయన బోరును కూడా పాడుచేసింది. ఆ నీళ్ళు పెడితే నారు మొలక దశలోనే మాడిపోతోంది. అంట్లు తోముకోవడానికి కూడా పనికిరావని భార్య లక్ష్మి పక్క వీధి నుంచి బిందెలు మోస్తోంది.

పట్టించుకోమని ఏళ్ళ తరబడి చెప్పులరిగేలా తిరిగాడు. బాపట్లలో అడిగితే రేపల్లె వెళ్ళమన్నారు. రేపల్లెలో అడిగితే ట్యాంకర్లు తెనాలి వైపు నుంచి వచ్చాయి కదా, అక్కడ అడగమన్నారు. తెనాలిలో ఒకాయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మళ్ళీ బాపట్ల వెళ్ళమన్నాడు. ఆ టీ తాగినందుకు బసవేశ్వరరావుకి ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మంట.

చివరికి, ఎవరి పుణ్యమో, ఈ వేసవిలో క్వారీ శుభ్రం చేయడానికి పని మంజూరైంది. స్నేహలత అనే ఇంజనీరు మనుషులతో వచ్చింది. ఆయన దేవుడికి కొబ్బరికాయ కొట్టాడు. కానీ ఆ అమ్మాయి నీళ్ళు తోడించలేదు. సున్నం కలిపించింది, ఆగింది. సీసాలో పట్టి పరీక్షకు పంపింది, ఆగింది. మడ్డి అడుగుకు దిగాలి, పైనీరు పరీక్షలో నెగ్గాలి, అప్పటిదాకా చుక్క కూడా బయటకు పోకూడదని చెప్పింది. మృగశిర కార్తె వెళ్ళిపోయి ఆరుద్ర వచ్చేసింది. కాలువకు నీళ్ళు వదలడం ఎప్పుడో తెలియదు. బోరు బాగుపడితే తప్ప ఈ ఏడు కూడా నారు లేదు.

బసవేశ్వరరావు ఒకప్పుడు అడవులదీవిలో రొయ్యల చెరువులు చేసినవాడు. చెరువు పాడైతే ఏం చేయాలో ఆ తీరంలో ఎవరినడిగినా చెబుతారు. సముద్రం నీటిని వెనక్కి లాగే పాటు వేళ చూసి మొత్తం తోడి వదిలేయాలి, నేల నెర్రెలిచ్చేదాకా ఎండగట్టాలి, అడుగు మట్టి గీకి పారేయాలి. ఇంత సులువైన పనికి ఈ సీసాలేమిటని ఆయన బాధ. అదే మాట ఆ అమ్మాయితో అన్నాడు. అది రొయ్యల చెరువు కాదని ఆమె నిదానంగా చెప్పింది. ఆ నిదానమే ఆయనను రెచ్చగొట్టింది. ఆలస్యం అమృతం విషమన్నారు, ఇక్కడ అసలే విషం, ఇంకా ఆలస్యమేమిటని ఇంటికొచ్చి లక్ష్మి మీద అరిచాడు.

ఆదివారం పనివాళ్ళెవరూ రాలేదు. నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు అద్దెకిచ్చే నన్నే సాహెబ్ దగ్గరకు బసవేశ్వరరావు వెళ్ళాడు. మంచివాడు, మొహమాటస్తుడు. అన్నా, ఆ అమ్మాయిని ఒకసారి అడిగితే బాగుంటుందేమోనని నసిగాడు గానీ బసవేశ్వరరావు గొంతు ముందు ఎవరి గొంతు లేస్తుంది? పాటు వేళ లెక్క చూసుకుని ఇంజన్లు పెట్టారు. నల్లనీరు పైపుల్లోంచి బుసకొడుతూ ఊరి డ్రెయిన్లో పడింది. సాయంత్రానికి క్వారీ అడుగు కనిపించింది. బసవేశ్వరరావు చాలాకాలానికి కడుపునిండా అన్నం తిన్నాడు.

తెల్లవారి చూస్తే నీళ్ళు సముద్రానికి పోలేదు. రొయ్యల చెరువుల దగ్గర ఏటిలో అడ్డేమీ ఉండదు. ఈ డ్రెయిన్ గుర్రపుడెక్కతో పూడుకుపోయి ఉంది. దారిపొడవునా నీరు నల్లగా నిలిచిపోయింది. చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. రోజూ చూసే డెక్కే, ఆ ఆదివారం మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

స్నేహలత వచ్చి ఖాళీ గుంట వైపు చూసింది. ఎవరు చేశారని అడిగింది. నన్నే సాహెబ్ ముందుకొచ్చి, ఇంజన్లు తనవేనని, తన పేరే రాసుకోమని అన్నాడు. బసవేశ్వరరావుకి తల కొట్టేసినట్టయింది.

"ఆయన్నేం అనకమ్మా. చేసింది నేను," అన్నాడు.

"తెలుసు బాబాయ్ గారూ. పేరు తర్వాత రాసుకుందాం. కింద ఊళ్ళవాళ్ళు పశువులకి ఈ డ్రెయిన్ నీళ్ళే పెడతారు కదండీ. ముందు వాళ్ళకెవరు చెబుతారు?"

మాట పూర్తికాకముందే ఆయన బండి తీశాడు. గట్టు వెంబడి పోతూ కనిపించిన ప్రతివాడికీ నీళ్ళు ముట్టుకోవద్దని కేకేశాడు. ఎవడిని తిట్టుకోవాలో తెలియక డ్రెయిన్‌ని, డెక్కని, బాపట్లని, రేపల్లెని, ఆఖరికి తెనాలి టీని కూడా తిట్టుకున్నాడు. ఏ తిట్టూ ఊరటనివ్వలేదు.

రేవు దగ్గర జ్ఞానమ్మ అనే ముసలావిడ గేదెను నీళ్ళలోంచి పైకి లాగుతోంది. గేదె మూతి నల్లగా ఉంది. నురగ కారుతోంది. ముందు కాళ్ళు నిలవడం లేదు. బసవేశ్వరరావు బండి పడేసి పరుగెత్తి పలుపు పట్టుకున్నాడు. ఇద్దరూ లాగినా గేదె కూలబడిపోయింది.

"పొద్దున్నే తాగిందయ్యా," అంది జ్ఞానమ్మ. "చూడితో ఉంది. ఈ నీళ్ళు వదిలినోడు ఎవడయ్యా? వాడింట్లో మనుషుల్లేరా, గొడ్లు లేవా?"

మూడూళ్ళ ఆఫీసుల్లో బల్లలు గుద్ది మాట్లాడిన నోరు ఆయనది. పలుపు వదలకుండా ఆమె పక్కన బురదలో కూర్చున్నాడు.

"నేనేనమ్మా," అన్నాడు.