మంచినీళ్లలో పాసైన యంత్రం

కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట, టౌను మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం ఒకటి కొత్తగా కట్టారు. మహిమ ఉదయం డ్యూటీకి వచ్చేసరికే గేటు పక్కన ఆదెమ్మ చేపల గంప పెట్టుకుని కూర్చునేది. దిగువ గూడెం ఆమెది. కేంద్రం వదిలే నీళ్లు కలిసే వాగులో పట్టిన చేపలే ఆమె కూడు. కేంద్రంలోని వాళ్లు బేరమాడి, నవ్వించి కొనేవారు. ఈమధ్య వాసనొస్తోందని ముఖం తిప్పుకుని పోతున్నారు. ఆ వాసన ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రోజు గంప ఖాళీగా ఉంది. తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని నీటి పైకి తేలుతున్నాయని ఆదెమ్మ చెప్పింది. డిప్లొమా చదివి ల్యాబ్ పని చూస్తున్న మహిమ తనకు తెలిసిందే చెప్పింది.

"మన మెషిన్ పరీక్షల పాసైంది అవ్వా. నేనే చూసిన."

"మెషిన్ పాసైతే మరి చేపలేంది బిడ్డా, ఫెయిలైనయ్?"

వాచ్‌మన్ పకపకా నవ్వాడు. మహిమకు నవ్వు రాలేదు.

మురుగును తిని నీటిని బాగుచేసేవి కంటికి కనిపించని జీవులు. వాటికి ఊపిరి కావాలి. అందుకే తొట్టి అడుగు నుంచి బ్లోయర్లు గాలిని బుడగలుగా వదులుతాయి. ఆ గాలిలోని ఆక్సిజన్ నీటిలో ఎంత కలుస్తుందో కొలిచిన రోజు తొట్టి నిండా బోరునీళ్లున్నాయి. మీటరు చకచకా పైకి పోయింది. అందరితోపాటు మహిమ కూడా చప్పట్లు కొట్టింది. తర్వాత అదే తొట్టిలోకి ఇళ్ల సబ్బు నురగ, హోటళ్ల నూనె వచ్చి చేరాయి. అవి కలిసిన నీటిలో ఆక్సిజన్ అంత తేలిగ్గా కలవదు. మళ్లీ కొలవాలని ఎవరికీ తోచలేదు.

ఆ మధ్యాహ్నమే అప్పగింత. మున్సిపాలిటీ పై ఇంజనీరు నిర్మలాదేవి ముందు, పరీక్ష కాగితం మీద మహిమ సంతకం పెడితే కట్టిన కంపెనీ బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత బాగుచేసే నాథుడుండడు. ఆదెమ్మకు వాగు లేనట్టే.

మహిమ బ్లోయర్లు ఆపించి మీటరు దించింది. నీటిలోని ఆక్సిజన్‌ను జీవులు ఎంత వేగంగా తినేస్తున్నాయో చూసింది. మళ్లీ గాలి వదిలించి, ఎంత వేగంగా పెరుగుతోందో చూసింది. రెండూ కలిపితే నీటిలోకి దిగుతున్నదెంతో తేలుతుంది. బోరునీళ్లలో దిగినదానిలో అది సగం కూడా లేదు.

కంపెనీ ఇంజనీరు అనిల్‌కుమార్ కోప్పడలేదు. "ఒప్పందంల ఉన్నది మంచినీళ్ల పరీక్షనే కదమ్మా. పాసైనం. జల్దీ సంతకం పెట్టు" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

పెద్దలకు ఎదురు చెప్పడం మహిమకు అలవాటు లేదు. అయినా పెన్ను ముట్టలేదు.

"ఈ తొట్టిల ఇంక మంచినీళ్లు ఏనాడూ ఉండవు కద సార్" అంది నేల చూస్తూ.

నిర్మలాదేవి ఆ పరీక్ష మళ్లీ చేయించి, తొట్టి పక్కనే నిలబడి చూసింది. ముందు ఎవరికి అనుమానమొచ్చిందని అడిగితే మహిమ గేటు వైపు చూపించింది. ఆదెమ్మను లోపలికి పిలిపించి, కుర్చీ వేయించి, వాగు సంగతంతా విన్నది. గాలి పెంచి, మురుగునీటిలో పరీక్ష నెగ్గాకే అప్పగింత అని చెప్పి, అనిల్‌కుమార్ వైపు తిరిగింది.

"మీరు మంచిగనే కొలిసిన్రు. కాని ఏ పనినైనా అది చేయాల్సిన మురికిలనే పరీక్ష పెట్టాలె. పాసైందో లేదో, ఆ మురికి పక్కన బతికేటోళ్లను అడగాలె."