సీలు పడిన రెండు గళ్ళు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అందులోనూ బొమ్మలు నేర్పేటప్పుడు. జాలరిపేట కమ్యూనిటీ హాల్లో ప్రతి ఆదివారం క్లాసు. ఫొటో మీద చిన్న గళ్ళు, చార్టు మీద పెద్ద గళ్ళు. ఏ గడిలో ఉన్నది ఆ గడిలోకి ఎక్కించాలి. "మొహం గియ్యొద్దు, గడిలో ఉన్నదే గియ్యండి!" అని పిల్లల మీద అరుస్తుంటాను.

క్లాసుకొచ్చే దేవి ఒకరోజు వాళ్ళ నాన్న దొరబాబు కార్డు తెచ్చింది. బోటు సంఘం గుర్తింపు కార్డు. ఆయన వేటకెళ్ళిన బోటు నాలుగు నెలలైనా తిరిగి రాలేదు. ఇంట్లో ఇంకో ఫొటో లేదు. దేవి దాని మీద ప్లాస్టిక్ కాగితం పరిచి గళ్ళు కొట్టుకుంది. మూడు వారాలు తలెత్తకుండా గీసింది. నుదురు, కళ్ళు, ముక్కు వచ్చాయి. కుడి చెంప దగ్గర ఆగిపోయింది.

"సార్, ఈ రెండు గళ్ళల్లో అయ్య లేడు. సీలుంది."

నిజమే, సంఘం వాళ్ళ గుండ్రటి సీలు చెంపనీ పెదవి కొసనీ మింగేసింది.

"అక్కడేముండేదో మీ అమ్మనడుగు."

"అడిగినాను సార్. సొట్ట ఉండీదంది. నానమ్మేమో లేదంది. నాకు గేపకం రాట్లేదు సార్." ఆ మాటతోనే ఏడ్చేసింది.

ఎడమ చెంప చూసి కుడి చెంప నేనే గీసేశాను, సీలు లేకుండా. గళ్ళు చెరిపి, చార్టు చుట్టి దేవి చేతికిచ్చాను. బాగా వచ్చిందని లోపల మురిసిపోయాను కూడా.

సాయంత్రం దేవి తల్లి గంగాలమ్మ కూతురిని వెంటబెట్టుకుని, చంకలో చేపల గంపతోనే హాలుకి వచ్చింది. చార్టు బల్ల మీద పరిచింది.

"సీలేది సారూ?"

"మొహం నిండుగా కనబడాలని తీసేశానమ్మా."

"సీలుంటే కార్డు సారూ. తడిసిపోద్దని ఇంటికాడ ఒగ్గీసి ఎల్లాడు, వచ్చాక కావాల. మీరు సీలు తీసీసి ఇంత పెద్దది సేసీసారు. ఇంక దండెయ్యడమే కదా! పేటలో అందరూ అదే అంతన్నారు. మీరూనా?"

దేవి గోడవైపు తిరిగి నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

దేవి దగ్గర కార్డు తీసుకుని పక్కన పెట్టుకుని, ఆ రెండు గళ్ళూ మళ్ళీ కొట్టాను. దొరబాబు వస్తాడని నేను నమ్మను. అయినా ఆ చెంప మీద సీలు గీశాను. దాని వంపు, సగం చెరిగిన అక్షరాలు, ఉన్నవి ఉన్నట్టు.

చివరి అక్షరం పడేదాకా గంగాలమ్మ గంప దించలేదు.