మరమనిషి నీళ్లు

తుంటి విరిగి మిషన్ ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకున్న జగ్గమ్మ మంచం దిగనంటే దిగనని మొండికేసింది. ఇప్పుడు నడవకపోతే జన్మంతా మంచమే గతి అన్నాడు డాక్టరు. కూతురు చిన్నతల్లి బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. రామతీర్థం రాముడికి మొక్కుకుంది. ముసలిదాని పంతం ముందు రాముడు కూడా ఊరుకున్నట్టున్నాడు. ఊరందరికంటే ముందు చేలో దిగే మనిషి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ వారమే వార్డులోకి మరమనిషి వచ్చింది. ఎచ్చెర్ల వైపు ఇంజనీరింగు కాలేజీ వాళ్లు పనిచేయించి చూద్దామని తెచ్చారట. ఛాతీ ఎత్తు పెట్టె, కింద చక్రాలు, పైన మందుల పళ్లెం. ఎవరైనా ఎదురైతే పెద్దింటి కోడల్లా ఒదిగి నిలబడేది. దాని కడుపులో హైడ్రోజన్ సిలిండరు ఉందని, అది గాలితో కలిస్తే కరెంటు పుడుతుందని, చివరికి మిగిలేది నీళ్లేనని నర్సు లీలారాణి చెప్పింది. చిన్నతల్లి నమ్మలేదు. వెనక నడుం ఎత్తున ఉన్న గొట్టం కింద వేలు పెట్టింది. గోరువెచ్చటి నీటిబొట్టు పడింది.

"అమ్మా, ఇటు సూడే. గాలిలోంచి నీళ్లొస్తన్నాయి."

జగ్గమ్మ ఇటు తిరిగింది. వాళ్లది వానకు ముఖం వాచిన మెట్ట ఊరు. చెయ్యి కడిగినా ఆనపపాదు మొదట్లోనే కడగాలని కూతుర్ని చిన్నప్పుడు మొట్టికాయలేసి నేర్పిన మనిషి. నున్నటి గచ్చు మీద పడుతున్న బొట్లను కాసేపు చూసింది. మరమనిషి పక్క మంచానికి కదిలిపోయింది.

"నేలపాలైపోతన్నాయి కదే. సెంబెట్టు."

చిన్నతల్లి కదలబోతే లీలారాణి చెయ్యి పట్టి ఆపింది. జగ్గమ్మ ఇద్దరినీ తిట్టింది. ఎవరూ కదలకపోయేసరికి మంచం పట్టె పట్టుకుని కాలు కిందపెట్టింది. చిన్నతల్లి పరిగెత్తి భుజం అందించింది. ముసలిది ఒక చేత్తో ఆ భుజం, ఇంకో చేత్తో మంచం పక్కనున్న చెంబు పట్టుకుని గొట్టం వెనకే మంచం మంచానికీ ఆగుతూ నడిచింది. రోగులు లేచి కూర్చుని చూశారు.

వరండాలో మరమనిషి ఆగింది. చెంబులో గుక్కెడు నీళ్లున్నాయి. అక్కడి డబ్బాలోని బంతిమొక్కకు పోసి జగ్గమ్మ వెనక్కి చూసింది.

"నా మంచం ఏదే?"

చిన్నతల్లి వార్డు ఆ చివర చూపించింది. జగ్గమ్మ మంచాన్నీ తన కాళ్లనూ మార్చి మార్చి చూసుకుంది. తర్వాత చెంబు కూతురి చేతికిచ్చింది.

"రేపు మళ్లీ వస్తాది కదా. కడిగి ఉంచు."