రొట్టెతో వెళ్లే చీటీ

పిండి నేను పిసకాలి, పేర్లు ఆయన రాయాలి. మా ఇంట్లో ఇరవై రెండేళ్లుగా నడుస్తున్న ఒప్పందమిది. నన్నడిగి చేసుకున్నదేం కాదు. పెద్ద ఉపవాసాలకు ముందు చనిపోయినవాళ్ల శనివారం వస్తుంది. ఆ రోజు మా ఊరు బేత్ సహూర్‌లో ప్రతి ఇంటి నుంచీ సిలువ ముద్ర వేసిన రొట్టె చర్చికి వెళ్తుంది, దాంతో పాటు ఆ ఇంట్లో పోయినవాళ్ల పేర్ల చీటీ. ఫాదర్ వాటిని పైకి చదువుతాడు. రొట్టె నాది, చీటీ మా ఆయన మిత్రీది. అందులో వాళ్ల నాన్న, తాత, ముత్తాత, పెళ్లి కాకుండానే పోయిన ముగ్గురు బాబాయిలు. మా అమ్మ పోయిన ఏడాది ఆమె పేరు కూడా రాయమన్నాను. మీ అమ్మ పేరు మీ వదిన రొట్టెతో వెళ్తుందిలే అన్నారు అత్తయ్య. మా వదిన పొయ్యి వెలిగిస్తే గొప్పని ఆవిడకూ తెలుసు. నోరు మూసుకుని పిండి పిసికాను.

చర్చి అతిథిగృహంలో దుప్పట్లు ఉతికే పని కూడా నాదే. దాన్ని సేవ అంటారు. జీతం లేని పనికి ఎంత ముద్దొచ్చే పేరో! అక్కడే రువైదా ఉంటోంది. ముస్లిం. గాజా నుంచి వైద్యానికి వచ్చి, యుద్ధం మొదలయ్యాక వెనక్కి వెళ్లే దారిలేక ఉండిపోయింది. ఒకరోజు దుప్పటిని చెరో కొస పట్టుకుని పిండుతుంటే చెప్పింది. బాంబు పడి చెల్లెలు, చెల్లెలి ముగ్గురు పిల్లలు ఒకే ఇంటికప్పు కింద పోయారట.

"పాతిపెట్టేటప్పుడు పేరు పెట్టి పిలిచే దిక్కు కూడా లేదక్కా," అంది.

పేర్లడిగాను. ఒక్కొక్కటే చెప్పింది. మర్చిపోతానేమోనన్న భయంతో దారంతా గొణుక్కుంటూ ఇంటికొచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం పిండి పొంగుతోంది. మిత్రీ, ఆయన తమ్ముడు బిషారా వరండాలో పార్టీల మీద కొట్లాడుకుంటున్నారు. ఇద్దరివీ చెరో పార్టీ. కాఫీ మాత్రం ఇద్దరికీ నేనే పెట్టాలి, అది మూడోసారి. చీటీ అడిగితే, పోయినేటిది చూసి రాసెయ్ అన్నాడు తల తిప్పకుండానే. రాశాను. మొట్టమొదట మా అమ్మ పేరు, తర్వాత రువైదా వాళ్లవి, ఆ తర్వాతే ముత్తాతగారు.

నీళ్లకని వంటింట్లోకి వచ్చిన మిత్రీ చీటీ చూశాడు. ఎవరు వీళ్లన్నాడు. చెప్పాను.

"ఏ పార్టీ కుటుంబమో కనుక్కున్నావా? రేపు మా పార్టీ కమిటీలో అందరూ నన్ను పీక్కుతింటారు."

"పిల్లల్లో పెద్దదానికి ఏడేళ్లండీ. ఏ పార్టీలోనూ చేరడానికి తీరిక చిక్కలేదు."

గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు. తర్వాత ఫాదర్ ఎలాగూ చదవడన్నాడు.

"చదవకపోతే నా రొట్టె వెనక్కి తెచ్చేస్తాను," అన్నాను.

అంత మాట నా నోట్లోంచి వస్తుందని నేనే అనుకోలేదు. రొట్టె లేకపోతే చీటీ లేదు. తండ్రి పేరు చదవని శనివారం ఎలా ఉంటుందో మిత్రీకి తెలియదు. గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఫాదర్ చీటీ చదివి, కళ్లద్దాల మీంచి నన్ను చూశాడు. "ఇవి బాప్తిస్మం తీసుకున్న పేర్లు కావు కదమ్మా."

"కావు ఫాదర్. ప్రభువు చెప్పిన కథలో, దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి గాడిద మీద ఎక్కించుకున్నాయన, ఆ సంగతి అడిగే ఎక్కించుకున్నాడా?"

ఉపవాసాల ముందు నీతో వాదించే ఓపిక నాకు లేదంటూ చీటీ జేబులో పెట్టుకున్నాడు. ఆరాధనలో చదవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, నా రొట్టె బుట్ట కోసం లేవబోయాను కూడా. కానీ అందరం సమాధుల దగ్గరికి వెళ్లాక, అక్కడ జేబులోంచి తీశాడు. మా అమ్మ పేరు చదివాడు. తర్వాత ఆగకుండా, "సిహామ్, లమీస్, తాలా, ఉదయ్," అన్నాడు.

"ప్రభువా, కరుణించు," అన్నారందరూ. పేరు వినగానే ఆ మాట అనడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎవరి పేర్లో ఆలోచించేలోపే నోళ్లు అనేశాయి. బిషారా అన్నాడు, మిత్రీ అన్నాడు. తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు గానీ అన్నమాట వెనక్కి తీసుకున్నవాళ్లు లేరు. గోడ పక్కన నిలబడిన రువైదా చున్నీతో మొహం కప్పుకుని ఏడ్చింది. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత నా మనసు నిండుగా అనిపించింది.

అంతలో ఎవరో నా శాలువా అంచు లాగారు. అత్తయ్య. ఇక అక్షింతలు తప్పవనుకున్నాను.

"ఫరాజ్ తల్లీ," అని నా కొడుకు పేరుతోనే పిలిచారు, ఎప్పటిలాగే. "ఫాదర్ ఇంకా వెళ్లలేదు. చీటీలో చోటేమైనా ఉందా?"

"ఎవరికత్తయ్యా?"

"మా అమ్మకి. నేనీ ఇంటికొచ్చి యాభై ఎనిమిదేళ్లయింది. ఒక్కసారీ చదివించలేదు."

ఇన్నేళ్లూ ఆవిడ పక్కనే నిలబడి పిండి పిసికాను. ఆవిడకూ ఒక తల్లి ఉండేదన్న ఆలోచనే నాకు రాలేదు. సంచిలోంచి పెన్ను తీసి, ఆమె పేరేమిటని అడిగాను.