ఊఁ కొట్టే తీగ

మా చెల్లి వయొలిన్‌లో డాక్టరేటు చేస్తోందని చెబితే జనం మొదట అడిగేది, అందులో కూడా డాక్టరేటు ఉంటుందా అని. ఉంటుంది నాయనా. పుస్తకం రాయాలి. అది చాలదన్నట్టు కచేరీలు చెయ్యాలి. ఎదురుగా పరీక్షకులు మొహాలు ముడుచుకుని కూర్చుంటారు. చెల్లి పుస్తకం ఎప్పుడో అయిపోయింది. కచేరీల్లో చివరిదొక్కటే మిగిలింది. ఆ ఒక్కదాన్నీ రెండుసార్లు వాయిదా వేసింది. ఈసారి కూడా వేస్తే పేరు కొట్టేస్తామని కాలేజీవాళ్లు మొహం మీదే చెప్పేశారు.

ఎందుకు వాయిదా వేసిందో చెబితే నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను. వాళ్ల మాస్టారు "ఊఁ" అనలేదట.

మాస్టారంటే దాని గైడు. నోరారా మెచ్చుకోవడమనేది ఆయన ఒంట్లోనే లేదు. ఎవరైనా బాగా వాయిస్తే కళ్లు మూసుకుని, లోతైన గొంతుతో ఒక్క "ఊఁ" అనేవారట. బాగా లేకపోతే "ఊహూఁ". ఆయన చదువు చెప్పడమంతా ఆ రెండు మూలుగుల్లోనే. శిష్యులందరికీ ఎప్పుడో ఒకప్పుడు "ఊఁ" దక్కింది. మా చెల్లికి ఒక్కనాడూ దక్కలేదు. చివరి కచేరీలో అది వాయించాల్సింది ఆయన సొంతంగా కట్టిన రచన. పక్కవాద్యాలేవీ ఉండవు. చివర్లో ఒకచోట పెద్ద విరామం వస్తుంది. కమాను పైకెత్తి, హాలంతా సద్దుమణిగేదాకా ఆగి, ఆ తర్వాత ఆఖరి వరస వాయించి ముగించాలి. "నువ్వక్కడ ఆగినప్పుడు నేను ఊఁ అంటే ఆ వరస వాయించు. అననంతకాలం ఆ వరస నీది కాదు," అన్నారట ఆయన. అలా అన్న వారంలోనే గుండె ఆగి పోయారు. పెద్దమనిషి, పోయేముందు ఆ మాట కాస్తా వెనక్కి తీసుకుని పోకూడదూ?

తర్వాత ఆయన భార్య చెల్లిని పిలిచి ఆయన వయొలిన్ చేతిలో పెట్టింది. ఇది ఇంట్లో ఉంటే నాకు కునుకు పట్టడం లేదమ్మా, తీసుకుపో అందట. ఈ మాట చెల్లి నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. ముందే చెప్పి ఉంటే దాన్ని గడప తొక్కనిచ్చేదాన్ని కాదు.

మాది రెండు గదుల వాటా. ముందు గదిలో నా మంచం, పొయ్యి, ఫ్రిజ్. వెనక గది దాని సాధనకి వదిలేశాను. ఆ గది గోడకి మాస్టారి వయొలిన్ తగిలించి, దాని కింద ఖాళీ కుర్చీ ఒకటి వేసింది. ఉతికిన బట్టలు ఆ కుర్చీ మీద పెడితే కిమ్మనకుండా తీసి నా మంచం మీద పడేసేది. తన వయొలిన్‌ని పాశ్చాత్య పద్ధతిలో మెడకి ఆనించుకుని, కుర్చీకి ఎదురుగా నిలబడి, ఆ రచన మొదట్నుంచి వాయించేది. విరామం దగ్గర ఆగేది. కమాను గాల్లో, చూపు కుర్చీ మీద. కాసేపటికి కమాను దించి మళ్లీ మొదటికొచ్చేది. ఆఖరి వరస ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. తలుపు ఇవతల కూరగాయలు తరుక్కుంటూ, ఆ ముక్క కాస్తా వాయించి చావవే తల్లీ అని గొణుక్కునేదాన్ని.

నా సంగతంటారా, నేను నీళ్ల సరఫరా ఆఫీసులో ఫోన్లో ఫిర్యాదులు వింటాను. పైపు పగిలిందా, ఊఁ. మురికినీళ్లొస్తున్నాయా, ఊఁ, చెప్పండి. పొద్దస్తమానం ఊఁ కొట్టడమే నా ఉద్యోగం. నాది కాస్త మగగొంతు. అందుకేనేమో, ఎంత చిందులు తొక్కేవాడైనా నా ఊఁ వింటే సగం చల్లబడతాడు.

ఒక సెలవురోజు పొద్దున్న టీ ఇద్దామని వెనక గదిలోకి వెళ్లాను. చెల్లి అప్పుడే విరామం దగ్గర ఆగింది. వీధిలో కూడా అలికిడి లేదు. గోడ వైపు నుంచి సన్నగా ఏదో మోగింది. కాస్త మోగి, ఆగి, మళ్లీ మోగి సాగింది. ఫ్రిజ్ అనుకుని వెళ్లి ప్లగ్గు పీకేసి వచ్చాను. కిటికీ మూశాను. చెల్లి మళ్లీ వాయించి ఆగాక, మళ్లీ అదే మోత.

"ఫ్రిజ్ కాదక్కా," అంది చెల్లి. "వయొలిన్ తీగ. అది ఊరికే మోగదు. దాని స్వరం గదిలో ఎవరి గొంతులో పలికినా, తనూ పలుకుతుంది. అన్ని వయొలిన్లూ అంతే."

"ఎవరి గొంతులో పలికింది మరి? నేను నోరు మెదపలేదు. నువ్వూ మెదపలేదు."

"మాస్టారి గొంతు సరిగ్గా ఆ లావు తీగ మీద ఉండేది," అంది, పాలు వచ్చాయని చెప్పినంత మామూలుగా. "రోజూ అంటున్నారు. ఊహూఁ అని."

 నా భయం బయటపెడితే ఈ పిచ్చి ఇంకా ముదురుతుందని, విసవిసా గోడ దగ్గరికి వెళ్లి ఆ తీగ మీద వేలు పెట్టాను. గుప్పిట్లో జోరీగ చిక్కినట్టు వేలి కింద జుయ్‌మంటోంది. గదిలో వినబడే గొంతు ఏదీ లేదు. చప్పున వేలు తీసేసి, అది ఆగాక, ఒళ్లుమండి దాని మొహం మీదే "ఊఁ" అన్నాను, ఆఫీసులో అన్నట్టే. తీగ ఖంగున బదులు పలికింది.

చెల్లి చిన్నగా నవ్వింది. నీ గొంతుకీ పలుకుతుందక్కా, ఆయనది కింది స్థాయి, నీది పై స్థాయి, స్వరం ఒకటే అంది. నా బుర్రలో ఆలోచన పడింది ఆ క్షణంలోనే.

కచేరీ దగ్గరపడేకొద్దీ చెల్లి చిక్కి సగమైంది. వయొలిన్ ఆనించే చోట మెడ మీద చర్మం ఒరుసుకుపోయి పచ్చిపుండు పడింది. తినవే అంటే తినదు, పడుకోవే అంటే పడుకోదు. ఆ రోజు కూడా ఆయన ఊహూఁ అంటే ఏం చేస్తావని అడిగేశాను. కమాను దించి వచ్చేస్తాను, అర్హత లేని డిగ్రీ నాకెందుకు అంది. ఇన్నేళ్ల చాకిరీ గంగలో కలిపేస్తావా అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అరిచి, పొయ్యి పక్కన మూల కూర్చుని ఏడ్చాను. అది చిన్నప్పుడు చీపురుపుల్ల కమానుగా పట్టుకుని తన చేతి మీదే వాయించుకునేది. నాకున్నది అదొక్కతే. ఎలాగైనా దానిచేత ఆ వరస వాయింపించాలని నిశ్చయించుకున్నాను.

కచేరీ మధ్యాహ్నం పెట్టారు. చెల్లి అడిగిందని వేదిక మీద ఒక కుర్చీ వేసి, అందులో మాస్టారి వయొలిన్ నిలబెట్టారు. గౌరవానికని పరీక్షకులు అనుకున్నారు. నేను ముందు వరసలో, దానికి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాను. చెల్లి బాగా వాయించింది. నాకు సంగీతం తెలీదు, అయినా చెబుతున్నాను, ఆవులిస్తున్న పరీక్షకుడు ఆవులింత మధ్యలో ఆపి ముందుకి వంగాడు.

విరామం వచ్చింది. కమాను గాల్లో ఆగింది. చెల్లి కుర్చీ వైపు తిరిగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు తీగ మొదలెట్టింది, "ఊ..." అని చిన్నగా. ఆ వెనకే రెండోది రాబోతోందని నాకు తెలుసు. దాన్ని రానివ్వకుండా, పెదవులు బిగించి, కడుపులోంచి "ఊఁ" అని సాగదీశాను. తీగ నా గొంతుని అందుకుని నిండుగా మోగింది. చెల్లి మొహం వెలిగిపోయింది. ఆఖరి వరస వాయించింది. చాలా చిన్న వరస, పక్కగదిలోంచి మనవాళ్లెవరో పిలిచినట్టుంది. చెల్లి కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుంది. నేను ఊఁ ఆపేశాను. నా గొంతు ఆపలేదు. చల్లటి ముద్దేదో లోపలికి దిగినట్టు, కాసేపు దానంతట అది అదురుతూనే ఉంది.

చెల్లి డాక్టరైంది. మర్నాడు ఆఫీసులో ఒకాయన ఫోన్ చేసి, మా వీధికి నీళ్లు రావడం లేదమ్మా, మనిషిని పంపిస్తారా అని అడిగాడు. పంపిస్తామండీ అందామని నోరు తెరిచాను.

"ఊహూఁ."

నా నోట్లోంచే వచ్చింది. గొంతు నాది కాదు. ఇందాకటి ఆవిడేరండీ అని అవతలాయన అడుగుతుంటే ఫోన్ పెట్టేశాను. గొంతు సవరించుకుని చూశాను, వేడినీళ్లు తాగి చూశాను. ఏ మాట అనబోయినా అదే వస్తోంది. జ్వరమని కాగితం రాసిచ్చి ఇంటికొచ్చేశాను.

ఇంట్లో చెల్లి పాత్రలన్నీ ముందేసుకుని వంట చేస్తోంది. ఎన్నాళ్లకో ఆకలేస్తోందక్కా అంది. తిన్నంతసేపూ పరీక్షకులు ఎలా తల ఊపారో అభినయించి చూపిస్తూ, తనే పడీపడీ నవ్వింది. నేను పెదవి విప్పలేదు. చివరికి నా పక్కన చేరి భుజం మీద తల వాల్చింది.

"అక్కా, నువ్వు మాత్రం ఏం చెప్పనేలేదు. బాగా వాయించానా?"

తల ఊపాను.

"తల ఊపితే కాదు. నోటితో చెప్పు. నువ్వు చెబితేనే నాకు డిగ్రీ వచ్చినట్టు."

నా ప్రేమంతా గొంతులోకొచ్చింది. నా బంగారుతల్లీ, నీలా ఇంకెవరూ వాయించలేరే అని చెప్పాలి. ఈ ఒక్కసారికి నా మాట నాకొస్తుందనుకున్నాను.

"ఊహూఁ," అన్నాను.

చెల్లి భుజం మీంచి తల ఎత్తింది. నా గొంతు వైపు చూసింది. తర్వాత వెనక గదిలో మళ్లీ గోడకి తగిలించిన మాస్టారి వయొలిన్ వైపు చూసింది. భయపడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. క్లాసుకి ఆలస్యమైపోయిన పిల్లలా గాభరాగా లేచి, చేతులు కడుక్కుని, మెడ మీది పుండుకి గుడ్డ చుట్టుకుని, నా చెయ్యి పట్టి ఆ గదిలోకి నడిపించింది.

"కూర్చోండి మాస్టారూ," అంది.

ఆ ఖాళీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది కూడా. తన వయొలిన్ అందుకుని మొదట్నుంచి వాయించింది. విరామం దగ్గర ఆగి, కమాను పైకెత్తి, నా వైపే చూస్తూ నిలబడింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాను. నా తల మీద గోడకున్న తీగ కదల్లేదు. దానికిక పని లేదు.