సైగ లేని మాట

భార్య ఇంకో గరిటె వడ్డించబోతుంటే ఆయన పిడికిలి బిగించి పైకెత్తాడు.

"నోరు లేదా మీకు? చాలు అంటే ముత్యాలు రాలిపోతాయా? నేనేమన్నా మీ క్రేన్నా?" అంది ఆమె. అంటూనే గరిటె ఆపేసింది.

పిడికిలి అంటే ఆపు. ఆ సంగతి ఆ ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. కట్టే భవనాల దగ్గర పెద్ద క్రేను కింద నిలబడి, ఎక్కడో పైన గదిలో కూర్చున్న ఆపరేటరుకు చేతులతో దారి చెప్పడమే ఆయన ఉద్యోగం. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తు, కిందికి చూపి తిప్పితే దించు. సైటులో అందరికీ ఆయన సైగల బాబాయి. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడవు. దేవుడు కొలత మరిచి ఇంకెవరివో తగిలించాడని భార్య మాట. కూరగాయల బేరం కూడా చేతులతోనే ఆడతాడని, అందుకే పుచ్చు వంకాయలు మోసుకొస్తాడని ఆమె గోల.

చెయ్యి కడుక్కుని గుమ్మం దాటి ఆకాశం చూశాడు. మబ్బు.

వానలకు ముందు నుంచీ ఎడమకన్ను మసకేసింది. గాలిలో వేలాడే బరువు నేలకు ఎంత ఎత్తులో ఉందో అంతుపట్టడం లేదు. ఎండ ఉన్నంత సేపూ నీడ ఆదుకునేది. కింది నీడ జరిగి జరిగి బరువును తాకిందంటే దిగినట్టే. ఆ లెక్కతో నెట్టుకొస్తున్నాడు. భార్యకు చెప్పలేదు, సైటులో చెప్పలేదు. కళ్లు లేనివాడికి క్రేను కింద ఏం పని అంటారు. ఈ వయసులో ఇంకెవరు పిలుస్తారు?

అన్నిటికన్నా బాధ ఆపరేటరమ్మాయి దగ్గర దాచడం. ఆ పిల్ల కొత్తగా వచ్చినప్పుడు, ఆడపిల్ల క్రేను ఏం నడుపుతుందని తలో మాటా అన్నారు. ఈయన మాత్రం ఏమీ అనకుండా తన చోట నిలబడి చెయ్యెత్తాడు. ఆ సాయంత్రం ఆమె దిగొచ్చి, "బాబాయ్, పైనుంచి నాకు మీ చేతులే దిక్కు. తెలీకపోతే తెలీదని ఆపేయండి. తెలిసినట్టు మాత్రం ఊపొద్దు" అంది. ఈయన తలూపాడు. ఆ పిల్ల దించితే కింద కోడిగుడ్డు పెట్టినా చితకదని ఇంట్లో చేతులతో చేసి చూపించి మురిసిపోయాడు.

మధ్యాహ్నానికి మబ్బు ఇంకా ముదిరింది. రెండు స్తంభాల మధ్య కాంక్రీటు గోడపలక దించాలి. పలక తిన్నగా కూర్చునేలా సర్దడానికి ఫిట్టరు కింద చెయ్యిపెట్టి చూస్తున్నాడు. పలక నెమ్మదిగా వచ్చింది. కింద నీడ లేదు.

ఆయన వేలు కిందికి చూపి తిప్పాడు. పలక దిగింది. ఇంకాస్త తిప్పాడు. ఇంకాస్త దిగింది. జానెడు సందుందా, మూరెడుందా? ఫిట్టరు అరచెయ్యి ఒకటి రెండుగా కనిపించింది.

పిడికిలి బిగించాడు.

పలక ఆగింది. పైన ఆమె ఎదురు చూస్తోంది. ఎందుకు ఆపాడో చెప్పడానికి సైగ లేదు. పైకి, కిందికి, పక్కకి, మెల్లగా, అన్నిటికీ ఉంది కానీ దీనికి లేదు. భుజానికి రేడియో ఉంది. అందులో మాట్లాడితే సైటంతా వింటుంది. ఆయన దాన్ని ఏనాడూ నొక్కి ఎరగడు. ఇప్పుడు నొక్కాడు.

"తల్లీ..."

"ఎవరది?" అన్నారెవరో. ఆ గొంతు ఎవరూ రేడియోలో విన్నది కాదు మరి.

"నేనే, కింద. నాకు ఎడంకన్ను మసకేసింది. ఎంత ఎత్తులో ఉందో తెలీట్లేదు. దించకు."

పక్కన గోడ తొలిచే యంత్రం ఆగిపోయింది.

"ఎప్పట్నించి బాబాయ్?"

"వానలకు ముందు నుంచి."

"మరి ఇన్నాళ్లూ?"

"నీడ చూసి చెప్పా. ఇవాళ నీడ లేదు."

ఇన్నాళ్లూ తెలిసినట్టే ఊపాడు. ఆ పిల్ల వద్దన్న ఒక్క పనీ అదే.

"ఫిట్టరు చెయ్యి ఎక్కడుంది?"

"తీసేశాడు. పక్కకొచ్చి నించున్నాడు. అది కనబడుతోంది."

"నమ్మొచ్చా?" ఆ గొంతులో కోపం దాగలేదు.

"ఇప్పుడు నమ్ము."

"సందు ఎంతుందో ఆయన్ని గట్టిగా అరవమనండి. మీరు చెయ్యి చూపండి" అంది.

ఫిట్టరు దూరంగా వంగి చూస్తూ, "మూరెడు! జానెడు! బెత్తెడు! రెండు వేళ్లు!" అని అరిచాడు. ఆయన ప్రతి అరుపుకూ వేలు తిప్పాడు. పలక చప్పుడు లేకుండా కూర్చుంది.

ఇంజనీరు వచ్చాడు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. "రేపట్నించి మీరు క్రేను కింద నిలబడొద్దు. ముందు కన్ను చూపించుకోండి. తర్వాతి సంగతి తర్వాత" అన్నాడు. ఆ తర్వాత ఎలా ఉంటుందో ఆయనకు తెలియనిది కాదు.

సాయంత్రం ఆపరేటరమ్మాయి దిగొచ్చి ఎదురుగా నిలబడింది.

"నాకు చాలా కోపంగా ఉంది."

"ఉండాలి."

"మీరు ఊపితే దించేసేదాన్ని బాబాయ్. ఇంకోసారి చూసేదాన్ని కూడా కాదు." ఆమె కళ్లు నిండాయి.

"తప్పయింది తల్లీ," అన్నాడు, నోరు తెరిచి. పొడవాటి చేతులు రెండూ పక్కన ఊరికే వేలాడాయి.

ఆమె ముక్కు తుడుచుకుంది. "కన్ను బాగైతే వస్తారా?"

వస్తానని తలూపబోయి ఆగాడు. "తెలీదు," అన్నాడు.

ఆమె అప్పుడు నవ్వింది. ఆ నవ్వుతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

గేటు దాటుతూ ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమే, నాకు ఎడంకన్ను సరిగ్గా కనబడట్లేదు. సైటులో చెప్పేశా. ఇంటికొచ్చేదాకా ఆగలేక నీకూ చెప్తున్నా."

"ఎప్పట్నించి? నాతో అనడానికేం రోగం? గుమ్మానికి గుద్దుకుంటే పరాకేమో అనుకున్నా కదయ్యా!" ఆమె అటు ఏడుస్తూనే తిట్టింది. ఆయన నడుస్తూ అన్నిటికీ జవాబు చెప్పాడు, ఒక్కటీ దాటెయ్యకుండా.

గేటు దాటకముందే ఆయన తన సేఫ్టీ జాకెట్టు విప్పి క్రేను నిచ్చెన దగ్గర పెట్టి వచ్చాడు. మర్నాడు కింద ఇంకో మనిషి నిలబడ్డాడు. ఆపరేటరమ్మాయి ఆ జాకెట్టును పైకి తీసుకెళ్లి తన సీటు వెనక తగిలించుకుంది. ఎండకు వెలిసిన నారింజరంగు జాకెట్టు. చేతులెత్తీ ఎత్తీ చంకల దగ్గర చిరిగిన చోట, భార్య దొరికిన దారంతో వేసిన నీలం కుట్లు.